పై దవడ ఇంప్లాంట్లు – సైనస్ లిఫ్ట్ – ఇంటి వైద్యం

ఊడిన పంటి స్థానంలో ఎముకలో టైటానియం మరను బిగించి, దానిపై కృత్రిమ దంతాన్ని నిలిపే ఇంప్లాంట్ చికిత్స విశాఖపట్నంలోని మధ్యతరగతి కుటుంబాలకు నేడు కొత్త కాదు. అయితే పై దవడ వెనుక పళ్ళ కోసం వెళ్ళిన వారిలో కొందరికి "ఎముక చాలదు, ముందు సైనస్ లిఫ్ట్ చేయాలి" అని దంతవైద్యులు చెబుతుంటారు. ఆ మాటకు కంగారుపడి, "కోత లేకుండా ఎముకను పెంచే మందు ఆయుర్వేదంలో లేదా?" అని నన్ను అడిగేవారు పలువురు. ఆయుర్వేద వైద్యునిగా సూటిగా చెబుతున్నాను. తరిగిపోయిన దవడ ఎముకను తిరిగి పెంచే కషాయం గాని, లేహ్యం గాని లేదు. ఇంటి వైద్యానికి ఇక్కడ తగిన స్థానం ఉన్నది; కాని అది శస్త్రచికిత్సకు ముందు. ఆ తరువాత కొన్ని వారాల పాటు, మనం మంచివని ఆచరించే పనులు కొన్ని హాని చేస్తాయి.

ఎముక ఎందుకు తరుగుతుంది?

ముక్కుకు ఇరుప్రక్కలా, పై దవడ ఎముకలో ఒక్కొక్క గాలి గది ఉన్నది. దీనినే సైనస్ అంటాము. 1651లో ఇంగ్లండుకు చెందిన నథానియల్ హైమోర్ అనే వైద్యుడు దీనిని వివరంగా వర్ణించాడు. పెద్దవారిలో దీని పరిమాణం సుమారు 15 మిల్లీలీటర్లు. లోపల పలుచని పొర ఉంటుంది. ఈ గది అడుగుభాగం సరిగ్గా దవడ పళ్ళ వేళ్ళకు పైన ఉంటుంది. పన్ను ఉన్నంత కాలం నమలడం వలన కలిగే ఒత్తిడి ఎముకను నిలబెడుతుంది. పన్ను పోయాక క్రింది నుండి ఎముక కరుగుతుంది. పై నుండి గాలి గది దిగివస్తుంది. మొదటి సంవత్సరంలోనే ఈ తరుగుదల ఎక్కువ. ఏళ్ళు గడిచాక కొందరిలో 3, 4 మిల్లీమీటర్ల ఎముకే మిగులుతుంది. సాధారణంగా వాడే ఇంప్లాంట్ పొడవు 8 నుండి 10 మిల్లీమీటర్లు లేదా అంతకంటె ఎక్కువ.

పై పళ్ళ విషయంలో ప్రత్యేక జాగ్రత్త అవసరమని సుశ్రుతుడు ఏనాడో చెప్పాడు. సుశ్రుత సంహిత చికిత్సాస్థానంలోని ముఖరోగ చికిత్సాధ్యాయంలో, పై పన్ను కదులుతున్నా తీయరాదనీ, అధిక రక్తస్రావం వలన కన్ను పోవడం, ముఖానికి పక్షవాతం రావడం వంటి ఉపద్రవాలు కలుగుతాయనీ హెచ్చరించాడు. మత్తు సూది, రక్తస్రావాన్ని ఆపే సాధనాలు ఉన్న నేటి కాలంలో ఆ నిషేధాన్ని అక్షరాలా పాటించనక్కరలేదు. కాని పై పంటిని తొందరపడి తీయించుకోరాదన్న బుద్ధి నేటికీ వర్తిస్తుంది.

చికిత్స ఎలా చేస్తారు?

అమెరికాలో హిల్ట్ టాటమ్ అనే దంతవైద్యుడు 1970వ దశకంలో ఈ విధానాన్ని రూపొందించాడు. 1980లో బోయిన్, జేమ్స్ అనే వైద్యులు దీనిపై వ్యాసం ప్రచురించారు. ముందుగా కోన్‌బీమ్ సీటీ స్కాన్‌తో ఎముక ఎత్తును కొలుస్తారు. ఎముక బాగా తక్కువగా ఉంటే, చిగురుకు మత్తు ఇచ్చి, ప్రక్క గోడలో చిన్న కిటికీ వంటి ద్వారం తెరచి, పొరను చిరగకుండా పైకి లేపి, ఆ ఖాళీలో ఎముక పొడిని నింపుతారు. అది గట్టిపడటానికి సుమారు 6 నుండి 9 నెలలు పడుతుంది. 5, 6 మిల్లీమీటర్లు మిగిలినవారికి, ఇంప్లాంట్ కోసం చేసే రంధ్రం నుండే పొరను కొద్దిగా లేపవచ్చు. ఈ తేలిక పద్ధతిని 1994లో సమ్మర్స్ వివరించాడు. పొర చిరగడం, చీము పట్టడం, సైనస్ వాపు రావడం ఇందులోని ముఖ్యమైన ఇబ్బందులు.

నింపే పొడి రోగి ఎముక కావచ్చు, శుద్ధి చేసిన పశువుల ఎముక కావచ్చు, కృత్రిమంగా చేసిన కాల్షియం ఫాస్ఫేట్ కావచ్చు. శాకాహార కుటుంబాలవారు, ఆచారం పాటించేవారు దీనిని ముందే అడిగి తెలుసుకోవలెను. చిన్న ఇంప్లాంట్లు, బ్రిడ్జి, తీసి పెట్టుకునే పళ్ళు కూడా మార్గాలేనని మరువరాదు.

ముందు చేయదగినవి

1. ఒక చెంచా త్రిఫలా చూర్ణాన్ని రెండు గ్లాసుల నీటిలో వేసి, సగమయ్యేవరకు మరిగించి, వడగట్టి, గోరువెచ్చగా రోజుకు రెండుసార్లు పుక్కిలించవలెను. చిగుళ్ళ శుభ్రతకు ఇది తోడ్పడుతుంది. చిగుళ్ళ జబ్బు ఉంటే మాత్రం ముందు దంతవైద్యునితో గార తీయించుకోవలెను.

2. పోర్టు పరిసరాల ధూళి వలన గాని, మరే కారణం వలన గాని తరచూ పడిశం, పీనసం ఉన్నవారు ముందు దానికి చికిత్స పొందవలెను. చీము ఉన్న సైనస్‌పై ఈ శస్త్రచికిత్స చేయరు.

3. పొగ మానవలెను. ఉత్తరాంధ్ర తీరంలో చుట్టను నిప్పు లోపలికి పెట్టి కాల్చే అడ్డపొగ అలవాటు ఉన్నది. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల అంగిలిని పరీక్షించిన అధ్యయనం 1971లో వెలువడింది. ఈ అలవాటు అంగిలి క్యాన్సర్‌కు కారణమవుతుంది. సిగరెట్టు, బీడీ కూడా గాయాన్ని మాననివ్వవు.

4. మధుమేహం అదుపులో ఉండవలెను. ఆస్పిరిన్, ఎముకల గుల్లతనానికి వాడే మందులు, వెల్లుల్లి లేదా పసుపు గుళికలు, గుగ్గులు వాడుతుంటే దంతవైద్యునికి తప్పక చెప్పవలెను. కూరలో వేసే పసుపు, వెల్లుల్లి గురించి భయం లేదు.

తరువాత చేయరానివి

కనీసం రెండు వారాలు ముక్కు చీదరాదు. తుమ్ము వస్తే నోరు తెరచి తుమ్మవలెను. స్ట్రాతో త్రాగరాదు. వైద్యుడు అనుమతించే వరకు జలనేతి, నస్యం, నూనె పుక్కిలింత పూర్తిగా మానవలెను; ఇవి కలిగించే ఒత్తిడికి పొర చిరిగి, నింపిన పొడి కదలిపోవచ్చు. కుట్లపై పసుపు ముద్ద గాని, లవంగ తైలం గాని పెట్టరాదు.

మొదటి రోజులలో చల్లార్చిన చోడి అంబలి, పెరుగన్నం, మెత్తని పప్పన్నం మంచివి. వంద గ్రాముల చోళ్ళలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్నది. ఆవకాయ, కారం, వేడి పదార్థాలు దూరంగా ఉంచవలెను. త్రాగిన నీరు ముక్కులోకి వచ్చినా, రక్తం ఆగకపోయినా, మూడు రోజుల తరువాత వాపు పెరిగినా, జ్వరం వచ్చినా ఇంటి వైద్యంతో కాలయాపన చేయరాదు.

రుషికొండలోని గీతం దంత వైద్య కళాశాల, సంగివలసలోని అనిల్ నీరుకొండ దంత వైద్య కళాశాల మన నగర పరిసరాలలోనే ఉన్నాయి. ఒకే చోట విన్న మాటతో నిర్ణయించుకోక, మరొకరి అభిప్రాయమూ తీసుకోవచ్చు. అన్నిటికంటె ముందు, పై దవడ పన్ను తీయవలసి వచ్చిన రోజున వైద్యుని రెండు ప్రశ్నలు అడగండి: రూట్ కెనాల్‌తో దీనిని కాపాడవచ్చునా? తీయక తప్పకపోతే, ఎముక కరగకుండా ఆ గుంటలో వెంటనే ఏమైనా నింపవచ్చునా? ఈ ప్రశ్నలు వేళకు అడిగిన కొందరికి సైనస్ లిఫ్ట్ అవసరమే రాదు.