అందరూ కలిసి రాసిన రాజ్యాంగం

పిల్లలూ, మీ బడిలో కొత్త నియమం పెట్టాలంటే ఎవరు రాస్తారు? హెడ్మాస్టరుగారు రాసి గోడకు అంటిస్తారు. అలా కాక, "మీరంతా తలా ఒక మాట చెప్పండి, దాన్నిబట్టి రాద్దాం" అని ఆయన అంటే ఎలా ఉంటుంది? ఐస్‌లాండ్ దేశంలో బడి నియమం కాదు, ఏకంగా దేశ రాజ్యాంగాన్నే ఇలా రాయబోయారు. ఆ సంగతి చెబుతాను, వినండి.

ఐస్‌లాండ్ అట్లాంటిక్ మహాసముద్రంలో, బాగా ఉత్తరాన ఉన్న చలిదీవి. అక్కడివాళ్ళకు సభలు చేరటం కొత్తేమీ కాదు. క్రీ.శ. 930 నుంచీ వాళ్ళు థింగ్వెల్లిర్ అనేచోట ఏటా సభ చేరేవారు. ఆ సభ పేరు ఆల్థింగ్. అప్పటికి చట్టాలు రాసిపెట్టుకోలేదు గనక, ఒక పెద్దమనిషి "చట్టాల బండ" మీద నిలబడి వాటిని కంఠతా చెప్పేవాడు. ఏటికి మూడోవంతు చొప్పున, మొత్తం చెప్పటానికి మూడేళ్ళు పట్టేది! నేటికీ ఆ దేశపు పార్లమెంటును ఆల్థింగ్ అనే అంటారు.

ఐస్‌లాండ్ 1944లో డెన్మార్క్ రాజు ఏలుబడి నుంచి విడిపోయింది. అప్పటికి పాత రాజ్యాంగాన్నే కొద్దిగా మార్చి పెట్టుకుని, కొత్తది తరవాత తీరిగ్గా రాసుకుందామనుకున్నారు. అరవై ఏళ్ళు దాటినా ఆ తీరిక చిక్కలేదు.

2008 అక్టోబరులో, ఒక్క వారంలోనే, ఆ దేశపు మూడు పెద్ద బ్యాంకులూ కూలిపోయాయి. జనం మండిపడి గిన్నెలూ గరిటెలూ తెచ్చి పార్లమెంటు ముందు వాయించారు. 2009 జనవరిలో ప్రభుత్వం దిగిపోయింది. కొత్త రాజ్యాంగం మాట అప్పుడు మళ్ళీ లేచింది.

2010 నవంబరులో, చీట్లు తీసినట్టుగా ఎంచిన 950 మంది ఒక రోజంతా కూర్చుని, రాజ్యాంగంలో ఏమేమి ఉండాలో మాట్లాడుకున్నారు. ఆ నెలలోనే 25 మందిని ఎన్నుకున్నారు. పోటీ చేసినది 522 మంది! ఎన్నిక జరిగిన తీరులో లోపాలున్నాయని సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. అప్పుడు పార్లమెంటు దాదాపు వాళ్ళనే ఒక మండలిగా నియమించింది. వాళ్ళల్లో రైతూ, వైద్యుడూ, మతాచార్యుడూ కూడా ఉన్నారు.

2011 ఏప్రిల్ నుంచి నాలుగు నెలలు ఈ మండలి పనిచేసింది. రాసినది రాసినట్టు ఇంటర్నెట్‌లో పెట్టేవారు. జనం ఇంట్లో కూర్చునే చదివి, "ఇది బాగులేదు, ఇలా మార్చండి" అని రాసేవారు. మండలివాళ్ళు వాటిని చదివి, తిరిగి దిద్దేవారు. ఇలా సుమారు 3,600 అభిప్రాయాలు వచ్చాయి. ఇలా ఒక పనికి చాలామంది దగ్గర తలా కాస్త తెలివి పోగుచెయ్యటాన్ని క్రౌడ్‌సోర్సింగ్ అంటారు.

చివరికి 114 అధికరణాల ముసాయిదా తయారయింది. పార్లమెంటు చేసిన చట్టం నచ్చకపోతే, ఓటర్లలో నూటికి పదిమంది కోరితే దానిమీద దేశమంతటా ఓటింగు జరపాలని అందులో ఒక అధికరణం. 2012 అక్టోబరు 20న జనాన్ని అడిగితే, ఓటు వేసినవారిలో మూడింట రెండు వంతుల మంది కొత్త రాజ్యాంగానికి ఈ ముసాయిదానే ఆధారం చెయ్యమన్నారు.

మరి అది అమలయిందా? లేదు. ఆ దేశంలో రాజ్యాంగం మార్చాలంటే ఒక పార్లమెంటు ఒప్పుకుని, మళ్ళీ ఎన్నికలు జరిగి, కొత్త పార్లమెంటు కూడా ఒప్పుకోవాలి. కొన్ని పార్టీలు గట్టిగా ఎదురు నిలిచాయి. మాటలు స్పష్టంగా లేవని కొందరు న్యాయపండితులన్నారు. 2013 ఎన్నికల ముందు పార్లమెంటు దాన్ని ఆమోదించకుండానే ముగిసింది.

ఇందులో కంప్యూటరు తన పని తాను చేసింది: వంటింట్లో ఉన్న మనిషి మాటను మండలి బల్ల మీదికి చేర్చింది. కాని అప్పట్లో దేశ జనాభా సుమారు 3,20,000. వచ్చిన అభిప్రాయాలు సుమారు తొంభై మందికి ఒకటి చొప్పున మాత్రమే అన్నమాట. తక్కినవాళ్ళ మనసులో ఏమున్నదో యంత్రం చెప్పలేదు. వచ్చిన మాటలను చట్టం చెయ్యటం కూడా దానివల్ల కాదు, అది మనుషులు చెయ్యవలసిన పని.

అందుచేత, రేపు మీ హెడ్మాస్టరుగారు ఒక పెట్టె పెట్టి అభిప్రాయాలు రాసి వెయ్యమంటే తప్పకుండా వెయ్యండి. వారం పోయాక, "చీటీలు ఎవరు చదివారండీ? ఏం చేశారండీ?" అని అడగటం కూడా మరిచిపోకండి.