గోస్తని వెంట సముద్రం దాకా

అమీర్‌పేట మెట్రో స్టేషన్ దిగి పంజగుట్ట వైపు నడిచే మనిషికి పక్కన నీళ్లు పారుతున్నాయన్న ఊహే రాదు. నిజానికి హుస్సేన్‌సాగర్‌లో కలిసే కూకట్‌పల్లి నాలా, బంజారా నాలా ఈ చుట్టుపక్కల నుంచే పోతాయి. కానీ వాటి ఒడ్డున తీరిగ్గా నడిచే వీలు లేదు. అందుకేనేమో, వరసగా నాలుగు సెలవులొస్తే ఇక్కడి హాస్టళ్ల కుర్రకారు నీళ్లను వెతుక్కుంటూ విశాఖ దారి పడతారు. 1974 నుంచి నడుస్తున్న గోదావరి ఎక్స్‌ప్రెస్ సాయంత్రం ఎక్కితే తెల్లారేసరికి విశాఖలో దింపుతుంది.

అక్కడికి వెళ్లినవాళ్లు బొర్రా గుహలు ఒకరోజు, భీమిలి ఇంకోరోజు చూసి వస్తారు. ఆ రెండూ ఒకే నది రెండు కొసలని తెలిసి వచ్చేవాళ్లు మాత్రం తక్కువ. ఆ నది గోస్తని.

అనంతగిరి కొండల్లో పుట్టి, సుమారు 120 కిలోమీటర్లు ప్రవహించి భీమిలి (భీమునిపట్నం) దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. దారిలో బొర్రా దగ్గర సున్నపురాతి కొండను దాటాలి. వేల ఏళ్ల తరబడి నీరు రాయిని కరిగిస్తూ పోయింది. ఆ ఖాళీలే ఇప్పుడు మనం టికెట్టు కొనుక్కుని చూసే గుహలు. మేస్తూ మేస్తూ ఒక ఆవు గుహ కప్పులోని కంతలోంచి లోపలికి పడిందని, దాన్ని వెతుక్కుంటూ వెళ్లిన కాపరికి శివలింగం కనిపించిందని గిరిజనులు కథ చెప్పుకుంటారు. కొండ దిగాక తాటిపూడి జలాశయం. 1960ల్లో కట్టిన ఈ ఆనకట్ట పొలాలకు నీరిస్తుంది, విశాఖ దాహమూ తీరుస్తుంది. ఇన్ని పనులు చేసి అలసిన నది తగరపువలస, చిట్టివలస దాటాక నిదానిస్తుంది.

నడవాల్సింది అక్కడి నుంచి. తగరపువలస వైపు నుంచి భీమిలికి ఏడెనిమిది కిలోమీటర్ల లోపే. అంత ఓపిక లేనివాళ్లు భీమిలిలో బస్సు దిగి, గంట స్తంభం దగ్గర మొదలుపెట్టి నది మొగ వరకు వెళ్లినా చాలు. ఎక్కడా ఎక్కుడు లేదు. పిల్లలూ పెద్దవాళ్లూ ఆగుతూ ఆగుతూ నడవగల దారి. పొద్దున్నే బయల్దేరడం మంచిది. అప్పుడు ఎండ ముదరదు, వేటకు వెళ్లిన పడవలు తిరిగొచ్చే వేళ కూడా అదే.

మొగ దగ్గర తొందరపడకూడదు, చూడాల్సినదంతా అక్కడే ఉంది. నైరుతి రుతుపవనాల కాలంలో అలలు తీరం వెంట ఇసుకను ఉత్తరానికి నెట్టుకొస్తాయి. నదిలో నీరు దండిగా ఉన్నప్పుడు ఆ ఇసుకను తోసేస్తుంది. వేసవిలో నీరు సన్నగిల్లితే ఇసుకదే పైచేయి. మేట అడ్డంగా పెరిగి మొగ ఇరుకవుతుంది. మళ్లీ వాన పడి వరద వస్తే దారి తెరుచుకుంటుంది. అందుకే పోయినేడు చూసిన ఒడ్డు ఈ ఏడు అలాగే ఉండదు. ఉప్పునీరూ మంచినీరూ కలిసే ఈ చోట మడ చెట్లు పెరుగుతాయి. వాటి వేళ్ల మధ్య చేపపిల్లలు, రొయ్య పిల్లలు పెద్దవవుతాయి. ఈ చెట్లు పోతే జాలర్ల వలలు తేలికవుతాయి. ఒడ్డును చదును చేసి కట్టడాలు లేపాలనుకునేవాళ్లు ముందుగా ఆలోచించాల్సింది ఇదే.

ఒక్క జాగ్రత్త. నీళ్లు మోకాలి లోతే కదా అని మొగలోకి దిగకండి. పాటు సమయంలో నది, సముద్రం రెండూ లోపలికి లాగుతాయి.

ఈ మొగ ఒకప్పుడు రేవు కూడా. పెద్ద ఓడలు దూరంగా లంగరు వేస్తే, చిన్న పడవలు సరుకు మోసుకుంటూ ఒడ్డుకు వచ్చేవి. పదిహేడో శతాబ్దంలో డచ్చివాళ్లు ఇక్కడ వ్యాపారం పెట్టడానికి కారణం ఆ రేవే. వాళ్ల సమాధులు సముద్రపు గాలికి అరుగుతూ ఇంకా నిలిచే ఉన్నాయి. 1825లో ఊరు ఇంగ్లీషువాళ్ల చేతికి వచ్చింది, 1861లో మునిసిపాలిటీ అయింది. 1933లో విశాఖలో హార్బరు తెరిచాక సరుకంతా అటు మళ్లింది. వ్యాపారం పోయినందువల్లే భీమిలికి ఈ నెమ్మది మిగిలిందనిపిస్తుంది.

ఊరిని ఆనుకునే పావురాలకొండ. తూర్పు కనుమలు ఇక్కడ దాదాపు అలల్లో కాలు పెడతాయి. కొండ మీద నరసింహస్వామి గుడి, దాంతోపాటు క్రీస్తుకు పూర్వం నాటి బౌద్ధ విహారపు ఆనవాళ్లు, వాననీటి కోసం రాతిని తొలిచిన తొట్లు ఉన్నాయి. పైనుంచి చూస్తే నది వంపు, ఇసుక మేట, సముద్రం ఒకేసారి కనిపిస్తాయి. కాళ్లకు ఇంకా సత్తువుంటే విశాఖ వైపు తిరిగొచ్చేటప్పుడు ఎర్రమట్టి దిబ్బల దగ్గర ఆగవచ్చు. 2025లో ఇవి యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి. లోపల నడిచేటప్పుడు గట్ల అంచులు ఎక్కకూడదు. ఆ మట్టి చేత్తో రాసినా రాలిపోతుంది.

మర్నాడు పొద్దున విశాఖలో అరకు రైలెక్కి బొర్రా గుహలు స్టేషన్‌లో దిగితే, సుమారు 700 మీటర్ల ఎత్తున అదే నదిని మళ్లీ కలుసుకోవచ్చు.