క్రిందికి జాఱిన జట్టును మఱల కట్టుట



పడిపోయిన యింటిని మఱల కట్టుట యెట్లో మీ రెఱుగుదురు. ఏ దూలము పనికివచ్చునో, ఏది చెదపట్టినదో, చేతిలో నెంత సొమ్ము కలదో, వానకాలమునకు నెన్నినాళ్లు మిగిలియున్నవో మొదట చూచుకొనవలయును. ఈ దినమున నేను చెప్పబోవునది యట్టి పనియే. కాని యిది యింటిని గూర్చినది కాదు. ఇంగ్లండు దేశమందలి యొక ఫుట్‌బాల్ జట్టును గూర్చినది.

ఫుట్‌బాల్ మనకు పరాయి యాట యని తలపవలదు. హైదరాబాదు నగర పోలీసుల జట్టు 1950 మొదలు 1954 వఱకు వరుసగా ఐదేండ్లు బొంబాయిలో రోవర్సు కప్పును గెలిచినది. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీముగారి శిక్షణలోనే భారత జట్టు 1952లో హెల్సింకి ఒలింపిక్సున యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడి, నాలుగేండ్లకే మెల్బోర్నులో నాలుగవ స్థానమున నిలిచినది. ఓడిన జట్టును విఱుగకుండ నిలుపుట యెంత పనియో మనవారికిని తెలియును. ఇక ప్రస్తుతమునకు వత్తము.

ఇంగ్లండులో వృత్తిగా ఫుట్‌బాల్ ఆడు క్లబ్బులు మెట్లమెట్లుగా నమర్చబడి యున్నవి. పైమెట్టునకు ప్రీమియర్ లీగు అని పేరు. అందు 20 జట్లు. దాని క్రిందిది ఛాంపియన్‌షిప్. అందు 24 జట్లు. ఆట గెలిచిన జట్టునకు మూడు పాయింట్లు, సమానముగా ముగిసినచో చెఱి యొకటి, ఓడినచో నేమియు లేదు. ఏడాది ముగియగానే పైమెట్టున నడుగున నిలిచిన మూడు జట్లు క్రిందికి దిగవలసినదే. క్రిందినుండి మూడు పైకి వచ్చును: మొదటి రెండు తిన్నగా వచ్చును, తరువాతి స్థానములవారు తమలో తాము పోటీపడగా గెలిచిన దొకటి వచ్చును. ధనమున్నదని కాని, పూర్వప్రతిష్ఠ యున్నదని కాని యెవరికిని మినహాయింపు లేదు.

లాంకషైరు ప్రాంతమున బర్న్‌లీ యను పట్టణము కలదు. జనసంఖ్య లక్షకు లోపే. లాంకషైరు మిల్లుబట్ట మన తీరమున దిగి మన సాలీల మగ్గముల నెట్లు మూలబెట్టినదో మీరు పెద్దలవలన వినియుందురు. ఆ నేతపట్టణములలో బర్న్‌లీయు నొకటి. మిల్లులు ఒకదానివెనుక నొకటి మూతపడినవి. క్లబ్బు మాత్రము నిలిచినది. అది 1882లో పుట్టినది. 1883నుండి టర్ఫ్ మూర్ అను నొక్క మైదానముననే యాడుచున్నది. 1888లో ఫుట్‌బాల్ లీగును స్థాపించిన పండ్రెండు క్లబ్బులలో నొకటి. 1921లోను 1960లోను దేశమునకే ప్రథమమై నిలిచినది. అట్టి క్లబ్బు 1987 మే నెలలో నాలుగవ మెట్టునకు నడుగున పడి, కడపటి యాటలో ఓరియంటు జట్టును 2-1 తేడాతో గెలిచి లీగునుండియే వెలివడకుండ బయటపడినది. ఆ సాయంకాలమును ఆ యూరి వృద్ధులు నేటికిని మఱువలేదు. క్రిందికి జాఱుట యొకసారి మొదలైనచో నెచ్చట నాగునో యెవరును చెప్పలేరని వారికి స్వానుభవము. సండర్లండు క్లబ్బు 2017లో ఒక మెట్టు, 2018లో మఱియొక మెట్టు దిగినది.

బర్న్‌లీ 2016 మొదలు ఆఱేండ్లు ప్రీమియర్ లీగులో నిలిచినది. షాన్ డైచ్ అను మేనేజరు దాదాపు పదియేండ్లు దానిని నడపెను. ఆయన పద్ధతి మోటుదే కాని గట్టిది: వెనుకవరుస కదలరాదు, బంతిని దూరముగా ముందునకు కొట్టవలెను, అచ్చట బలిష్ఠులైన ఫార్వర్డులు దానిని పట్టుకొనవలెను. కాని ఆటగాండ్రలో పలువురు ముప్పది యేండ్లు దాటినవారైరి. క్రొత్తవారు తగినంతగా రాలేదు. 2022 జనవరిలో గోల్‌లకు ముఖ్యాధారమైన క్రిస్ వుడ్‌ను న్యూకాసిల్ క్లబ్బు, ఒడంబడికలో వ్రాసియున్న వెల చెల్లించి, కొనిపోయెను. ఏప్రిల్‌లో డైచ్‌ను తొలగించిరి. మే 22వ తేదీన, తమ మైదానముననే, అదే న్యూకాసిల్ చేతిలో 2-1 తేడాతో ఓడి, 35 పాయింట్లతో బర్న్‌లీ క్రిందికి దిగెను.

దిగుట యనగా గౌరవభంగము మాత్రమే కాదు. పైమెట్టున నుండు జట్టునకు ప్రసారహక్కుల వలన నేటికి సుమారు పదికోట్ల పౌనులు వచ్చును. క్రిందిమెట్టున నందు స్వల్పభాగమే. దిగినవారు ఒక్కసారిగా కూలిపోకుండుటకై ప్రీమియర్ లీగువారు కొంత సొమ్ము నిచ్చెదరు. దానిని వారు గొడుగుసొమ్ము, అనగా విమానమునుండి దుముకువానికి పట్టు గొడుగువంటి సొమ్ము, అందురు. ఎల్లరకును సమముగా పంచు ప్రసారధనములో మొదటియేట నూటికి 55 వంతులు, రెండవయేట 45, మూడవయేట 20 వచ్చును. ఏటేట గొడుగు చిన్నదగుచుండును. కావున మొదటి రెండేండ్లలోనే పైకెక్కవలెను. బర్న్‌లీకి మఱియొక చిక్కు కూడ కలదు. 2020 డిసెంబరులో క్లబ్బును కొన్న అమెరికా యజమానులు కొనుగోలు అప్పుతో ముడిపెట్టిరి. క్లబ్బు దిగినచో నా యప్పులో పెద్దభాగము వెంటనే తీర్చవలెనని పత్రమున నుండెను. ఇది తెలియగానే ఊరివారికి నిద్రపట్టకుండుట సహజము గదా. పండుగనాడు పోవు గుడివలె తరతరములుగా పోవుచున్న మైదానము, ఎవరో సముద్రముల కావల చేసిన యప్పునకు తాకట్టువంటి దైనది.

కనుక మొదటిపని అమ్మకము. ఇందు నాలుగు రకములవారిని వేఱుచేయవలసి వచ్చును. ఒడంబడిక తీఱి యుచితముగా వెడలిపోవువారు, మంచివెల పలుకువారు, జీతము మోయలేము గనుక మఱియొకరికి ఎరవిచ్చువారు, ఉంచుకొనవలసినవారు. బర్న్‌లీ వెనుకవరుసకు స్తంభములైన జేమ్స్ టార్కౌస్కీ, బెన్ మీ యిద్దఱును కాలము తీఱి చిల్లిగవ్వ రాకుండ వెడలిరి. ఇది పూర్వపు పాలకుల తప్పిదమని నా యభిప్రాయము. వెలగల యాటగానిని ఒడంబడిక ముగియువఱకు నుంచుట, పంటను చేలోనే యెండనిచ్చుట వంటిది. గోల్‌కీపరు నిక్ పోప్ న్యూకాసిల్‌కును, నేథన్ కాలిన్స్ వుల్వర్‌హాంప్టన్‌కును, డ్వైట్ మెక్‌నీల్ ఎవర్టన్‌కును, మాక్స్‌వెల్ కోర్నే వెస్టుహాముకును అమ్ముడుపోయిరి. వుడ్ స్థానమున తెచ్చిన వౌట్ వెఘోర్స్ట్‌ను టర్కీదేశపు బెషిక్తాష్ క్లబ్బునకు ఎరవిచ్చిరి. ఒక్క వేసవిలో గోల్‌కీపరు, వెనుకవరుస నడిభాగము, ప్రక్కల నుఱుకువారు, అందఱును పోయిరి. మిగిలిన దేమి? జాక్ కార్క్, ఆష్లీ బార్న్స్, జే రోడ్రిగెజ్, యోహాన్ గుడ్‌మండ్‌సన్, చార్లీ టేలర్, కానర్ రాబర్ట్స్, జాష్ బ్రౌన్‌హిల్ మున్నగువారు. వీరిలో బ్రౌన్‌హిల్ పేరు జ్ఞాపకముంచుకొనుడు.

2022 జూన్‌లో విన్సెంట్ కొంపనీ మేనేజరుగా వచ్చెను. ఆయన బెల్జియము దేశీయుడు, మాంచెస్టర్ సిటీ జట్టునకు చిరకాలము నాయకుడు. బ్రస్సెల్స్‌లో అండర్‌లెఖ్ట్ జట్టును నడపిన యనుభవము కలవాడు. ఆయన చేసిన మొదటి మంచిపని తన కెఱుకయైన సంతలో కొనుట. జాష్ కల్లెన్ అండర్‌లెఖ్ట్‌నుండి, మాన్యుయెల్ బెన్సన్ ఆంట్‌వర్ప్‌నుండి, అనాస్ జరూరీ షార్లెర్వానుండి, వితీన్యో సెర్కిల్ బ్రూజ్‌నుండి వచ్చిరి. అన్నియు బెల్జియము క్లబ్బులే. ఆ లీగులో ఎవడెట్టివాడో ఆయనకు కన్నులార తెలియును. ఇంగ్లండు వర్తకులు వారికి పెద్దవెల కట్టియుండలేదు. ఎద్దుల సంతలో తెలిసిన గ్రామపు కోడెను కొన్నవాడు పండ్లు లెక్కింపనక్కఱలేదు.

రెండవపని, కొనలేనివారిని ఎరవు తెచ్చుట. చెల్సీనుండి ఇయాన్ మాట్సెన్, మాంచెస్టర్ సిటీనుండి టేలర్ హార్వుడ్-బెల్లిస్, సౌతాంప్టన్‌నుండి నేథన్ టెల్లా, జర్మనీనుండి జోర్డన్ బేయర్, అందఱును చిన్నవాండ్రే, ఒక్కయేటికై వచ్చిరి. మొత్తముమీద ఆ వేసవిలో పదిహేనుమందికి పైగా క్రొత్తవారు చేరిరి.

ఇందఱు క్రొత్తవారు వచ్చినప్పుడు జట్టు గుంపుగా మాఱును గాని జట్టు కాదు. పైగా కొంపనీ ఆటపద్ధతినే మార్చెను. బంతిని దూరముగా కొట్టుట మాని, గోల్‌కీపరు మొదలుకొని పాదమునుండి పాదమునకు అందించుచు ముందునకు పోవలెననెను. ఇందుకు గోల్‌కీపరునకు చేతులతోబాటు కాళ్లును పనిచేయవలెను; అందుకే ఆరియానెత్ మురిచ్‌ను మాంచెస్టర్ సిటీనుండి కొనిరి. వెనుకవరుసవారు శత్రువు మీదికి వచ్చుచుండగా బంతిని తన్ని వదలించుకొనక నిదానముగా తోడివాని కందింపవలెను. ఒక్కడు తొట్రుపడినను గోలు పడును. మొదటి దినములలో చూపఱులు గుండెలు చేతబట్టుకొని చూచిరనుట యతిశయోక్తి కాదు.

2022 జూలై 29న హడర్స్‌ఫీల్డులో తొలియాట మాట్సెన్ గోలుతో గెలిచిరి. తరువాత నాలుగాటలలో గెలుపు లేదు: మూడు సమము, ఒకటి ఓటమి. బ్లాక్‌పూల్‌తో మూడు గోళ్లు వేసియు మూడు తామును పుచ్చుకొనిరి. ఇట్టి సమయముననే మేనేజరునకును యజమానులకును పరీక్ష. పాతపద్ధతియే మేలని వెనుకకు పోయినచో, ఆ పద్ధతికి తగిన పాతవారు లేరు. క్రొత్తపద్ధతిలోనే నిలువవలెను. వారు నిలిచిరి. నవంబరు 5న షెఫీల్డ్ యునైటెడ్ చేతిలో 5-2 తేడాతో చిత్తుగా నోడియు మార్పలేదు. ఎనిమిది దినములకు, పొరుగూరి చిరకాల ప్రత్యర్థియైన బ్లాక్‌బర్న్‌ను 3-0 తేడాతో గెలిచి, అచ్చటినుండి లీగులో వరుసగా పదియాటలు గెలుచుచు పోయిరి.

వయసుమీఱిన పాతవారు చేసిన యుపకారమును మఱువరాదు. బార్న్స్ పాతపద్ధతికి చెందినవాడు. ఇతడు క్రొత్తయాటలో నిముడడని పలువు రనుకొనిరి. 2023 ఏప్రిల్ 7న మిడిల్స్‌బ్రోలో మొదటి గోలు వేసినవాడు అతడే, గెలుపు గోలు వేసినవాడు రాబర్ట్స్; ఇద్దఱును డైచ్ కాలమువారే. ఆ గెలుపుతో ఇంక ఏడాట లుండగానే బర్న్‌లీ పైకెక్కుట నిశ్చయమైనది. ఛాంపియన్‌షిప్ అను పేరు వచ్చిన 2004నుండి అంత ముందుగా నెవరును ఎక్కియుండలేదు. ఏప్రిల్ 25న బ్లాక్‌బర్న్ మైదానముననే బెన్సన్ గోలుతో ప్రథమస్థానమును దక్కించుకొనిరి. 46 ఆటలలో ఓటములు మూడే, పాయింట్లు 101. టెల్లా ఒక్కడే లీగులో 17 గోళ్లు వేసెను.

ఇచ్చట కథను ముగించినచో మీకు సగమే చెప్పినవాడ నగుదును. ఎరవు సొమ్ము బరువుచేటను సామెత ఫుట్‌బాల్‌కును చెల్లును. ఏడాది తిరుగగానే మాట్సెన్ చెల్సీకి, హార్వుడ్-బెల్లిస్ మాంచెస్టర్‌కు తిరిగిపోయిరి. టెల్లా సౌతాంప్టన్‌కు పోయి, అటనుండి జర్మనీలో లెవర్‌కూసెన్‌కు అమ్ముడుపోయెను. బేయర్‌ను మాత్రము కొనగలిగిరి. పైకెక్కించినవారిలో ముగ్గురు లేకుండనే పైమెట్టున ఆడవలసి వచ్చినది. వారి స్థానమున మఱల లేతవయసువారినే విరివిగా కొనిరి. 2023-24లో ఐదే గెలుపులు, 24 పాయింట్లు, మఱల క్రిందికి. కొంపనీ జర్మనీదేశపు బయెర్న్ మ్యూనిక్‌కు పిలువబడి వెడలిపోయెను. దిగిన జట్టు మేనేజరును అంతటి క్లబ్బు పిలుచుట వింతయే. కాని ఆ క్లబ్బువారు చూచినది రెండవయేటిని కాదు కాబోలు.

2024 జూలైలో స్కాట్ పార్కర్ వచ్చి, పని నింకొక కొననుండి మొదలిడెను. ఈసారి గోళ్లు వేయుటకంటె గోళ్లు పడకుండుట ముఖ్యము. ముందటియేట పైమెట్టున గోళ్లు విరివిగా పుచ్చుకొని తుదకు స్థానము పోగొట్టుకొన్న చిన్నవాడు జేమ్స్ ట్రాఫర్డ్‌నే మఱల గోలులో నిలిపెను. వాని ముందు మాక్సిమ్ ఎస్తేవ్. అతని ప్రక్కన, 2022లో కొనబడి యితర క్లబ్బులకు ఎరవునకు పోయివచ్చిన సి.జె. ఈగన్-రైలీ. క్రొత్తరాయి కొఱకు వెదకుటకు ముందు దొడ్డిలో పడియున్న రాతిని త్రిప్పిచూచుట యిది. ఫలితము నమ్మశక్యము కానిది: 46 ఆటలలో 16 గోళ్లే పడినవి, 30 ఆటలలో నొక్కటియు పడలేదు. 2024 నవంబరు 3న మిల్‌వాల్ చేతిలో ఓడిన పిమ్మట ఆ యేట మఱల లీగులో ఓడలేదు. గోలు లేని సమపు టాటలు చాల యుండుటచే చూచువారు కొంత విసిగికొనిన మాటయు నిజమే. 2025 ఏప్రిల్ 21న షెఫీల్డ్ యునైటెడ్‌ను 2-1 తేడాతో గెలిచి పైకెక్కిరి. పాయింట్లు సరిగా నూఱు. లీడ్స్‌కును నూఱే, గోళ్ల తేడాచే ప్రథమస్థానము వారిది.

జ్ఞాపకముంచుకొనుమన్న బ్రౌన్‌హిల్ రెండు పతనములలోను రెండు ఆరోహణములలోను ఉన్నాడు. నాయకుడై, మధ్యవరుసవాడయ్యును, ఈ రెండవసారి 18 గోళ్లు వేసి తన జట్టులో నందఱికంటె మిన్నయయ్యెను. 2022 వేసవిలో అమ్మినచో వానికిని వెల వచ్చియుండెడిది. అమ్మకుండుట యా వేసవిలో జరిగిన బేరములలో నెక్కువ లాభమైన బేరమని నేను తలంచుచున్నాను.

2025 వేసవిలో ట్రాఫర్డ్ మాంచెస్టర్ సిటీకి తిరిగిపోయెను. ఈగన్-రైలీ ఒడంబడిక తీఱి మార్సే క్లబ్బునకు వెడలెను. బ్రౌన్‌హిల్‌కును కాలము తీఱినది. అతడును టర్ఫ్ మూర్‌ను విడిచెను. పైమెట్టునకు చేరిన బర్న్‌లీ మఱల సంతకు బయలుదేరినది.