సమాచార సాంకేతిక ప్రాజెక్టులలో ఉన్నత యాజమాన్యం పాత్ర

ఒక సంస్థ కొత్త కంప్యూటరు వ్యవస్థను నిర్మించుకొనునపుడు దాని అధిపతులు, డైరెక్టర్లు, ప్రభుత్వ శాఖలలోనైతే మంత్రులు, కార్యదర్శులు వహించవలసిన బాధ్యతను ఉన్నత యాజమాన్యం పాత్ర అంటారు. కొత్త సాఫ్ట్‌వేరు వచ్చినపుడు ఏ దస్త్రం ఎవరి వద్దకు వెళ్ళాలో, ఎవరి సంతకం అవసరమో మారిపోతుంది. కొందరి అధికారం తగ్గుతుంది. ఇటువంటి మార్పులను ఆదేశించే హక్కు ప్రోగ్రామర్లకు గాని, ప్రాజెక్టు మేనేజరుకు గాని ఉండదు. కనుక పై స్థాయి మద్దతు లేని ప్రాజెక్టు సాంకేతికంగా బాగున్నా వాడుకలోకి రాకపోవచ్చు.

అమెరికాకు చెందిన స్టాండిష్ గ్రూపు 1994లో వెలువరించిన కేయాస్ నివేదిక ప్రకారం, అనుకున్న గడువులో, అనుకున్న ఖర్చుతో పూర్తయిన సాఫ్ట్‌వేరు ప్రాజెక్టులు 16.2 శాతం మాత్రమే. విజయానికి కారణాలలో వాడుకరుల భాగస్వామ్యం (15.9 శాతం) మొదటి స్థానంలోను, ఉన్నతాధికారుల మద్దతు (13.9 శాతం) రెండవ స్థానంలోను నిలిచాయి. ఈ నివేదిక లెక్కగట్టిన పద్ధతిపై తరువాత పరిశోధకులు విమర్శలు చేశారు. అందువలన ఈ అంకెలను స్థూలమైన సూచనగానే తీసుకోవాలి.

ఎఫ్.బి.ఐ. అనుభవం

అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్.బి.ఐ. తన కాగితపు కేసు దస్త్రాల స్థానంలో వర్చువల్ కేస్ ఫైల్ అనే వ్యవస్థను నిర్మించ తలపెట్టింది. 2001 సెప్టెంబరు 11 దాడుల తరువాత దీనిని త్వరపెట్టారు. డబ్బుకు కొరత లేదు, డైరెక్టరు రాబర్ట్ ముల్లర్ ఆసక్తికీ లోటు లేదు. లోపించినది నిలకడ. ప్రాజెక్టు జీవితకాలంలో ముఖ్య సమాచార అధికారులే ఐదుగురు మారారు. ఇతర కీలక మేనేజర్లతో కలిపితే ఈ సంఖ్య 15. అవసరాల పత్రం 800 పుటలు దాటినా, కోరికలు మారుతూనే ఉన్నాయి. ఇక చాలు అని చెప్పగల అధికారి ఒకే చోట స్థిరంగా లేకపోయాడు. దాదాపు 17 కోట్ల డాలర్లు ఖర్చయిన పిదప 2005లో దీనిని విరమించారు.

దాని స్థానంలో 2006లో మొదలైన సెంటినెల్ కూడా ఆలస్యమైంది. 2010లో సంస్థ ఆ పనిని గుత్తేదారు నుండి తన చేతిలోకి తీసుకొని, చిన్న బృందంతో, చిన్న చిన్న విడతలుగా నడిపింది. 2012 జూలైలో సెంటినెల్ వాడుకలోకి వచ్చింది. మద్దతు అనగా నిధులు మంజూరు చేసి ఊరుకోవడమే అనుకునే అధికారులకు ఈ రెండు ప్రాజెక్టుల తేడా గమనించదగినది.

ఆంధ్రప్రదేశ్‌లో

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆస్తుల రిజిస్ట్రేషన్లను కంప్యూటరీకరించిన కార్డ్ పథకం 1998 నవంబరులో ప్రారంభమైంది. అంతకు ముందు దస్తావేజులను చేతితో రిజిస్టర్లలోకి ఎత్తి వ్రాసేవారు, ఈ.సి. కొరకు ఏళ్ళ తరబడి సంపుటాలు తిరగేయవలసి వచ్చేది. శాఖాధిపతి జె. సత్యనారాయణ స్వయంగా పథకాన్ని నడిపించారు. ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు అండ ఉండడంతో కంప్యూటర్లు, శిక్షణ త్వరగానే అందాయి. ఈ.సి. నిమిషాలలో చేతికి రావడం నిజమైన మేలు. అయితే దస్తావేజు లేఖరుల ప్రమేయం, మామూళ్ళ బెడద తొలగిపోలేదని తరువాతి అధ్యయనాలు తెలిపాయి. పై నుండి వచ్చిన ఉత్సాహం కంప్యూటరు వరకు చేరింది గాని, కౌంటరు దగ్గర జరిగే వ్యవహారాన్ని అంతగా మార్చలేదు.

ఇదే కాలంలో 1999 చివర హైదరాబాదులో ట్విన్స్ పేరిట మొదలై, 2001 ఆగస్టులో ఈ-సేవగా మారిన పథకంలో చిక్కు వేరు. విద్యుత్తు, నీటి సరఫరా, నగరపాలక సంస్థల బిల్లులన్నీ ఒకే కౌంటరులో చెల్లించాలంటే ఆ శాఖలన్నీ తమ వసూళ్ళ పనిని పంచుకోవాలి. ఏ ఒక్క శాఖాధిపతికీ మిగిలిన వారిని ఒప్పించే అధికారం లేదు కనుక, ఇక్కడ ముఖ్యమంత్రి స్థాయి నిర్ణయం తప్పనిసరి అయింది.

మితిమీరిన జోక్యం

పై వారి ఒత్తిడి ఒక్కొక్కప్పుడు హాని కూడా చేస్తుంది. అమెరికా ఆరోగ్య బీమా వెబ్‌సైటు హెల్త్‌కేర్.గవ్ ప్రారంభ తేదీని 2013 అక్టోబరు 1గా ముందే ప్రకటించారు. పరీక్షలు సరిగా ముగియకుండానే ఆ రోజున తెరువగా, తొలి రోజు నమోదు పూర్తి చేయగలిగినవారు ఆరుగురే. గుత్తేదారులు పలువురున్నా, మొత్తానికి జవాబుదారీ ఎవరన్నది స్పష్టంగా లేదు. ఆ నెలలోనే జెఫ్రీ జియంట్స్‌కు మరమ్మతు బాధ్యత అప్పగించి, ఒక సంస్థను సమన్వయకర్తగా నియమించారు. నవంబరు చివరికి వెబ్‌సైటు ఎక్కువమందికి పనిచేయసాగింది.