తల్లి రక్తము – బిడ్డ తెల్లకణములు

తల్లి రక్తము బిడ్డకు రక్ష. గర్భమందున్నపుడు తల్లినుండి సంక్రమించిన ప్రతిరక్షకములే పుట్టిన పిమ్మట కొన్ని నెలలవఱకు శిశువును రోగములనుండి కాపాడుచుండును. కాని యరుదుగా నా రక్షయే బిడ్డకు కీడు చేయుటయు గలదు. సోదరీమణు లీ సంగతి నెఱిగియుండుట మేలు.

రక్తమందలి తెల్లకణములలో న్యూట్రోఫిలు లనునవి సూక్ష్మజీవులను మ్రింగి చంపును. వీని పైపొరయందు పుట్టుకతో వచ్చిన గుర్తులు కొన్ని యుండును. వీనికి ప్రతిజనకములని పేరు. తండ్రినుండి బిడ్డకు వచ్చిన గుర్తు తల్లియందు లేనిచో, తల్లి శరీరము దానిని పరాయిదిగా నెంచి ప్రతిరక్షకములను పుట్టింపవచ్చును. అవి మావిని దాటిపోయి బిడ్డ న్యూట్రోఫిలులను నశింపజేయును. తొలికాన్పునందు సైత మిట్లు జరుగవచ్చును. అప్పుడు బొడ్డు చీముపట్టుట, చర్మముపై కురుపులు, జ్వరము మున్నగునవి కలుగును. న్యూయార్కు నగరమందలి లాలెజారీ యను వైద్యుడును, ఆయన సహచరులును 1960లో నీ వ్యాధిని వివరించిరి.

వైద్యునికి సందేహము కలిగినపుడు నిజము తేల్చవలసినది ప్రయోగశాల. అది సులభముగాదు. న్యూట్రోఫిలులను ఎఱ్ఱకణములవలె వారముల తరబడి చల్లదనమున దాచుటకు వీలులేదు. కావున గుర్తులు ముందే తెలిసిన దాతలనుండి నాటికి నాడు రక్తము తీసికొనవలెను.

శిక్షణకు వచ్చినవారు మొదట నేర్చునది కణములను నలుగకుండ వేఱుపఱచుట. మోటుగా గలిపినచో నవి తమంతట దామే గుమిగూడును. ప్రతిరక్షకమే వానిని గూర్చెనని చూచువారు భ్రమపడుదురు. పిమ్మట కణములను తల్లి సీరముతో గలిపి కొన్ని గంటలుంచి, గుంపులు కట్టినవో లేదో సూక్ష్మదర్శినితో జూతురు. కణమునకు అంటిన ప్రతిరక్షకము వెలుగునట్లు రంగు చేర్చి చూచుట రెండవ పద్ధతి. ఒకదానికి దొరకనిది రెండవదానికి దొరకును గనుక రెంటిని జోడుగా జేయుదురు. తండ్రి కణములతోను తల్లి సీరమును పరీక్షింతురు.

ఇందొక చిక్కు గలదు. కాన్పులవలన పెక్కుమంది తల్లులయందు ఎచ్.ఎల్.ఏ. యను వేఱు గుర్తులపై ప్రతిరక్షకములు కలుగును. అవియు న్యూట్రోఫిలులకు అంటుకొనును గాని సామాన్యముగా బిడ్డకు హాని చేయవు. ఈ రెంటిని వేఱు చేయలేనివాడు తప్పు కారణమును వ్రాసి యిచ్చును. అందుచేతనే వేర్వేరు దేశముల ప్రయోగశాలలు ఒకే నమూనాలను, వానిలో నేమున్నదో తెలియకయే పరీక్షించి, ఫలితములను సరిపోల్చుకొనుచుండును.

దాతల ప్లాస్మాలోని యిట్టి ప్రతిరక్షకములు రోగి యూపిరితిత్తులలో నీరు చేర్చి ప్రాణాపాయము గూడ కలిగింపగలవు. కాన్పులైన స్త్రీలలో నివి యెక్కువ. కావుననే 2003లో ఇంగ్లండునందు రోగులకిచ్చు ప్లాస్మాను వీలయినంతవఱకు పురుషులనుండియే గ్రహించు నేర్పాటు చేసిరి. స్త్రీలు రక్తదానము మానవలెనని దీని యర్థము కాదు. ఎన్ని కాన్పులైనవని అడిగినపుడు దాచక చెప్పవలెను.

బిడ్డకీ వ్యాధి కలిగినచో తల్లి తన్ను నిందించుకొన బనిలేదు, ఇంటివారు నిందింపరాదు. ఆమె ప్రతిరక్షకములు కొన్ని వారములకో నెలలకో బిడ్డ రక్తమునుండి హరించిపోవును. అంతవఱకు తగిన మందులతో బిడ్డను కాపాడుదురు. పసిబిడ్డ బొడ్డు ఎఱ్ఱబాఱినను, చీముపట్టినను పసుపద్ది యూరకుండక వెంటనే వైద్యునికి జూపుడు. ఒక బిడ్డకిట్లు జరిగియున్నచో మఱుకాన్పునకు ముందే యా సంగతి వైద్యునికి దెలుపుడు.