హైదరాబాదు నుండి షికాగో: టిక్కెట్టులో కనిపించని గంటలు

అమెరికాలోని పిల్లల దగ్గరకు వెళ్లే పెద్దలు, వారి బంధువులు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న, "ఎన్ని గంటల ప్రయాణం సిస్టరుగారూ?" అని. మందులు వాడే వారికి ఈ లెక్క చాలా ముఖ్యం. టిక్కెట్టు మీది సమయాలను బట్టి లెక్క వేస్తే మాత్రం పొరపాటు వస్తుంది.

హైదరాబాదు నుండి షికాగోకు దగ్గరి దారి సుమారు 13,280 కిలోమీటర్లు. గోడ పటంలో ఇది నేరుగా పడమరకు ఉన్నట్లు కనిపిస్తుంది గాని, భూమి గుండ్రంగా ఉన్నందున ఈ దారి ఉత్తర ధ్రువానికి చేరువగా పోతుంది. గ్లోబు మీద దారం లాగి పెట్టి చూస్తే పిల్లలకు కూడా అర్థమవుతుంది. అయితే చాలామంది మధ్యలో విమానం మారతారు. దుబాయి మీదుగా వెళితే అక్కడికి సుమారు 4 గంటలు, విమానాశ్రయంలో 3 గంటలు ఆగారనుకుంటే, తరువాత షికాగోకు దాదాపు 16 గంటలు. మొత్తం 23 గంటలు.

ఇప్పుడు టిక్కెట్టు చూడండి. జనవరిలో సోమవారం తెల్లవారుజామున 4 గంటలకు హైదరాబాదులో బయలుదేరితే, అదే సోమవారం మధ్యాహ్నం 3.30కు షికాగో చేరినట్లు ఉంటుంది. పదకొండున్నర గంటలే కదా అనిపిస్తుంది! టిక్కెట్టులో ఏ ఊరి సమయం ఆ ఊరిదే వేస్తారు. షికాగో మనకంటే చలికాలంలో 11½ గంటలు, వేసవిలో 10½ గంటలు వెనుక ఉంటుంది. తిరుగు ప్రయాణంలో గాలి వెనుక నుండి తోడుగా వీస్తుంది కనుక విమానం గంటా రెండు గంటలు ముందే చేరుతుంది. టిక్కెట్టులో మాత్రం ఒకటిన్నర రోజు పోయినట్లు కనిపిస్తుంది.

విజయవాడ వారైతే శంషాబాదుకు కారులో 5 గంటలు, విమానాశ్రయంలో ముందుగా 3 గంటలు కలుపుకోవాలి. అంటే 31 గంటలు.

ఇన్సులిన్ వాడేవారు ఎన్ని గంటలకు ఎంత మోతాదు అనేది బయలుదేరక ముందే డాక్టరుగారితో వ్రాయించుకోవాలి. సెల్‌ఫోను తనంతట తానే అక్కడి సమయానికి మారిపోతుంది. కాబట్టి చేతి గడియారాన్ని మాత్రం ఇల్లు చేరేదాకా మన సమయంలోనే ఉంచండి. మందులన్నీ, డాక్టరుగారి చీటీతో సహా, చేతి సంచిలోనే ఉండాలి. పెద్ద పెట్టెలో వేస్తే ఇన్సులిన్ గడ్డకట్టి పాడు కావచ్చు, పెట్టె ఆలస్యంగానూ రావచ్చు.

విమానం లోపలి గాలి 6,000 నుండి 8,000 అడుగుల ఎత్తులో ఉన్నట్లు, అంటే దాదాపు ఊటీలో ఉన్నట్లు, పలుచగా ఉంటుంది. గుండె, ఊపిరితిత్తుల జబ్బు, తీవ్రమైన రక్తహీనత ఉన్నవారు, ఇటీవల ఆపరేషన్ అయినవారు డాక్టరు అనుమతి లేకుండా టిక్కెట్టు కొనవద్దు.

4 గంటలు దాటి కదలకుండా కూర్చుంటే కాలి సిరలలో రక్తం గడ్డకట్టే ప్రమాదం సుమారు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో తెలిపింది. ఆరు వేల మందిలో ఒకరికి వచ్చేంత అరుదే అయినా, మునుపు గడ్డకట్టినవారికి, ఆపరేషన్ అయినవారికి ఎక్కువ. మన పెద్దలు, ముఖ్యంగా అమ్మలు, పక్కవారిని లేపడానికి మొహమాటపడి, బాత్రూముకు వెళ్లవలసి వస్తుందని నీళ్లే త్రాగరు. వారికి నడవ ప్రక్క సీటు అడిగి తీసుకోండి. మేలుకొని ఉన్నంతసేపు గంటకొకసారి లేచి నడవాలి, కూర్చున్నప్పుడు మడమలు, వేళ్లు పైకి క్రిందికి ఆడించాలి.

చేరిన తరువాత కొన్ని వారాల వరకు ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి పెట్టినా, ఆయాసం, ఛాతీలో నొప్పి వచ్చినా ప్రయాణ బడలిక అనుకోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. ఎన్ని గంటలు ప్రయాణం చేశారో అక్కడి డాక్టరుకు చెప్పండి.