కుట్టుయంత్రం – ఎంపిక

మానవునికి ఆహారం తరువాత అత్యవసరమైనది వస్త్రం. కొనవద్ద రంధ్రం గల సూదితో, రెండు దారాలతో కుట్టే యంత్రానికి అమెరికా దేశీయుడైన ఎలియాస్ హోవే 1846లో పేటెంటు పొందాడు. నాటి నుండి కుట్టుపని అనేక కుటుంబాలకు జీవనాధారమైంది.

హైదరాబాదు పాతబస్తీలో ఎందరో స్త్రీలు ఇంటివద్దనే కుర్తాలు, బురఖాలు మొదలుకొని పెళ్ళికూతురి ఖడా దుపట్టా వరకు కుడతారు. కుట్టిన వస్త్రాల సంఖ్యను బట్టి కూలి లభించే పనిలో సూది విరిగినా, కుట్టు తప్పినా ఆ నష్టం కుట్టేవారిదే.

పలుచని నూలుబట్టకు సాధారణ గృహయంత్రం చాలు. జరీ, అస్తరు, కాన్వాసు పొరలు కలిసినచోట అది మొరాయిస్తుంది. అప్పుడు మొదట సూదిని పరిశీలించాలి. పలుచని బట్టకు 11, సాధారణ బట్టకు 14, మందపు బట్టకు 16 లేదా 18 నంబరు సూది తగినది. ఆపై మోటారు అమర్చుకోవచ్చు. అయితే మోటారు వేగాన్ని పెంచుతుందే కాని, పాదం కింది చోటును గాని, బట్టను జరిపే పళ్ళ పట్టును గాని పెంచదు.

నిత్యం మందపు బట్ట కుట్టేవారికి పారిశ్రామిక యంత్రం మేలు. అది నిమిషానికి సుమారు 5000 కుట్లు వేయగలదు. కాని దానికి ప్రత్యేకమైన బల్ల, తగిన చోటు కావాలి. క్లచ్ మోటారు కుట్టనప్పుడు కూడా తిరుగుతూ విద్యుత్తును వ్యయం చేస్తుంది. సర్వో మోటారు కుట్టేటప్పుడు మాత్రమే తిరుగుతుంది, చప్పుడూ తక్కువే. ఇరుకు గదులలో ఇదే అనుకూలం.

కొనేముందు తాము కుట్టే బట్టనే నాలుగు మడతలు వేసి కుట్టి చూడాలి. యంత్రబలం పనికి తగినంత ఉండాలి. అవసరానికి మించినది అప్పుగా మిగులుతుంది.